చందా పుస్తకం తెరిచే ముందు: వర్తక సంఘం కొత్త కార్యదర్శికి ఒక ఉత్తరం

తల్లీ,

ఆశీస్సులు. మీ వర్తక సంఘానికి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని తెలిసి చాలా సంతోషించాను. వ్యాపారులంతా కలిసి ఊరికి పనికొచ్చేది ఏదైనా చేయాలనుకుంటున్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశావు. ఇన్నేళ్లు వ్యాపారం చేస్తూ, సంఘంలో తిరుగుతూ చూసినవాణ్ణి కాబట్టి నాకు గట్టిగా అనిపించేది ముందే చెప్పేస్తాను. చందా పుస్తకం పట్టుకుని బయల్దేరకు. ఒక్కొక్కరి దగ్గర ఇప్పటికే ఏముందో అడుగుతూ వెళ్లు.

డబ్బు అడగగానే ప్రతి వ్యాపారి మనసులో మెదిలే మొదటి ప్రశ్న "పక్కవాళ్లు ఎంతిచ్చారు?" అని. అక్కణ్ణించి పోలికలు, పంతాలు మొదలవుతాయి. తక్కువిచ్చినవాళ్లు మీటింగుకి రావడానికి మొహమాటపడతారు. ఎక్కువిచ్చినవాళ్లు తమ మాటే చెల్లాలంటారు. అలా కాకుండా, "మీ గోడౌన్‌లో ఒక మూల ఖాళీగా ఉంటుందా?", "మధ్యాహ్నం పూట మీ వ్యాన్‌కి పని ఉంటుందా?" అని అడిగి చూడు. చిన్న కొట్టువాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. అకౌంటెంట్ నెలకో పూట అనాథాశ్రమం లెక్కలు చూసిపెట్టగలడు. మెకానిక్ ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పగలడు. ప్రింటింగ్ ప్రెస్సులో మిగిలిన కాగితం బడిపిల్లలకు నోటుపుస్తకాలవుతుంది. ఏమీ లేదనే మనిషి కూడా తన కొట్టు గోడ మీద ఒక నోటీసు బోర్డుకి చోటివ్వగలడు.

ఇవన్నీ ఒక రిజిస్టర్‌లో రాసుకో. ఎవరు, ఏమివ్వగలరు, ఏ వేళల్లో, ఫోన్ నంబరేంటి, ఆ మనిషి ఊళ్లో లేకపోతే తాళాలు ఎవరి దగ్గరుంటాయి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. వరదొచ్చినా, అగ్ని ప్రమాదం జరిగినా, రోజుల తరబడి కరెంటు పోయినా మొదటి కొన్ని గంటల్లో కావలసింది డబ్బు కాదు. జనరేటర్ ఎవరి దగ్గరుంది, మందులు పెట్టడానికి చల్లటి గది ఎక్కడుంది, పెద్ద బండి ఎవరు పంపగలరు, రాత్రి రెండింటికి షట్టర్ ఎవరు తీస్తారు అన్నవే కావాలి. బయటి సాయం వచ్చేలోపు ఊళ్లో ఉండేది ఊళ్లోవాళ్లే కదా. ఆరు నెలలకోసారి కూర్చుని ఆ రిజిస్టర్ సరిచూసుకోండి. మనుషులు మారతారు, బళ్లు అమ్మేస్తారు, నంబర్లు మారిపోతాయి.

ఇక ఏం చేయాలన్నది మీరే గదిలో కూర్చుని తేల్చేయకండి. బడి హెడ్‌మాస్టర్‌ని, ఆసుపత్రి నర్సుని, వీధులు ఊడ్చేవాళ్లని, బస్సు డ్రైవర్లని అడగండి. రోజూ ఊరంతా చూసేది వాళ్లు. మనం గల్లాపెట్టె వెనకనుంచి చూసే ఊరు వేరు.

రోటరీ క్లబ్ పేరు నీకు తెలుసు కదా. అది 1905లో షికాగోలో పుట్టింది. పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ కలిసి మొదలుపెట్టారు. అప్పుడు వాళ్ల ఉద్దేశం స్నేహం, ఒకరి బేరాలు ఒకరికి కుదర్చడం, అంతవరకే. మరుసటేడు డొనాల్డ్ కార్టర్ అనే పేటెంట్ లాయరును చేరమని అడిగితే, సభ్యుల లాభం తప్ప ఊరికి ఏమీ చేయని క్లబ్బులో తాను చేరనన్నాడు. ఆ మాట వాళ్లు మనసుకు తీసుకున్నారు. ఊరి మేలు కూడా తమ లక్ష్యాల్లో రాసుకున్నారు, ఆయనా చేరాడు. ఆ తర్వాత 1907లో వాళ్లు తలపెట్టిన మొదటి పెద్ద పని ఏమిటో తెలుసా? సిటీ హాలు దగ్గర జనం కోసం మరుగుదొడ్లు. దానికి బీరు వ్యాపారులు, పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లవాళ్లు అడ్డుపడ్డారు. మా దగ్గర ఉన్నాయిగా, వేరే ఎందుకన్నారు. లోపలికి వచ్చిన మనిషి ఏదో ఒకటి కొంటాడని వాళ్ల ఆశ. అయినా పట్టు వదల్లేదు, 1909లో అవి తెరుచుకున్నాయి.

ఈ సంగతి నేను ఎవరు సలహా అడిగినా చెబుతాను. శిలాఫలకం కోసం ఎంచుకునే పని కాదది, కానీ బజారుకు వచ్చిన ప్రతి మనిషికీ అవసరమైన పని. ఆడవాళ్లకూ ముసలివాళ్లకూ మరీను. మీరూ అలాంటిది ఒకటే ఎంచుకోండి. తాగునీరో, వీధి దీపాలో, బడి మానేసిన పిల్లలకు పని నేర్పడమో, ఏదైనా సరే. ఒక ఏడాదంతా దాన్నే పట్టుకోండి. పది పనులు మొదలుపెట్టి పదింటికీ రిబ్బన్లు కత్తిరించిన సంఘాలను చూశాను. మరుసటేడు వెళ్లి చూస్తే ఒక్కటీ నడుస్తుండదు.

డబ్బు అసలు వద్దని కాదు. దీపం పెడితే కరెంటు బిల్లు వస్తుంది, బెంచీ వేస్తే రంగు వేయాలి. అప్పుడు కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వకుండానే ఆ వెలుగులో వ్యాపారం చేసుకుంటారు. ఇది ఎక్కడైనా ఉన్నదే. కెనడాలోని టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారు వీధి ఉంది. 1960ల్లో భూమి కింద మెట్రో వచ్చి, ఊరి అంచున మాల్స్ వచ్చి, ఆ వీధికి గిరాకీ తగ్గిపోయింది. వర్తకులు ఇష్టమైనవాళ్లే చందాలిచ్చే పద్ధతి పెట్టుకుంటే నిలబడలేదు. చివరికి ప్రభుత్వాన్ని ఒప్పించి చట్టం తెచ్చుకున్నారు. హద్దులోపలి వ్యాపారాలన్నీ తలా కొంత కట్టాలి, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో వర్తకుల కమిటీయే తేలుస్తుంది. 1970లో అలా మొదలైన పద్ధతి ఆ తర్వాత చాలా దేశాలకు పాకింది. వాళ్లు ఆ డబ్బుతో దీపాలు, బెంచీలు, పూలతొట్లు పెట్టారు.

మీకు అలాంటి చట్టం ఉండకపోవచ్చు. అయినా ఆ సూత్రం వాడుకోవచ్చు: వంతు ఎంతో ముందే కాగితం మీద రాసుకోవాలి, అది వ్యాపారం సైజును బట్టి ఉండాలి, అందరికీ ఒకే లెక్క. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 1844లో సహకార దుకాణం తెరిచినవాళ్లు, తర్వాతి కాలంలో మిగులులో రెండున్నర శాతం చదువుల కోసం పక్కన పెట్టేవారు. లాభం వచ్చాక ఎంతిద్దామని ఆలోచిస్తే ఎప్పుడూ తక్కువే తోస్తుంది. ముందే రాసుకుంటే ఆ బాధ ఉండదు.

లెక్కల దగ్గర ఏ మాత్రం మొహమాటపడకు, తల్లీ. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే కుటుంబంవాళ్లు కాకూడదు. రూపాయి తీసుకున్నా రసీదు ఇవ్వాలి. నెల తిరిగేసరికి జమాఖర్చులు ఒక కాగితం మీద రాసి, సంఘం గోడకి అంటించాలి. అక్షరం పెద్దగా ఉండాలి, కళ్లజోడు లేనివాళ్లకీ కనబడాలి. డబ్బు పోవడం వల్ల పాడైన సంఘాలు తక్కువే. లెక్క చూపించడం ఆలస్యమై, అనుమానం వచ్చి విడిపోయినవే నాకు ఎక్కువగా తెలుసు.

బ్యానర్ల మీద పేర్లన్నీ ఒకే సైజులో, అక్షర క్రమంలో వేయించు. చిన్న విషయంలా ఉంటుంది కానీ దాని మీద జరిగే గొడవలు చిన్నవి కావు. ఏ పార్టీ నాయకుణ్ణీ వేదికెక్కించకు.

ఇంకొకటి జాగ్రత్త. ఒకే వ్యాపారం చేసేవాళ్లు నలుగురు ఒక గదిలో కూర్చుంటే మాట ధరల మీదికి మళ్లుతుంది. "అందరం ఈ రేటుకే అమ్ముదాం" అని ఎవరైనా అంటే వెంటనే ఆపు. చాలా దేశాల్లో అది నేరం. అది కాక, ఊరికి మేలు చేయడానికి కూడిన సంఘమే ఊరివాళ్ల జేబు కత్తిరిస్తోందన్న పేరు వస్తే మళ్లీ కోలుకోలేరు. మీటింగులో ధరల మాట ఎత్తకూడదని మొదటి రోజే తీర్మానం రాయించి పెట్టు.

పోటీదారులు ఒకరికొకరు ఎందుకు సాయపడాలని మీలోనే ఎవరో అడిగారన్నావు. మంచి ప్రశ్నే. 2004లో షికాగోలోని ఆండర్సన్‌విల్ పేటలో ఒక అధ్యయనం జరిగింది. స్థానిక దుకాణంలో 100 డాలర్లు ఖర్చుపెడితే అందులో 68 ఊళ్లోనే తిరుగుతాయి, ఊరూరా శాఖలుండే పెద్ద కంపెనీ గొలుసు దుకాణంలో పెడితే 43 మాత్రమే తిరుగుతాయని తేలింది. కారణం ఊహించలేనిది కాదు. స్థానిక వ్యాపారి లాభం ఊళ్లోనే ఖర్చవుతుంది, లెక్కలు రాసేవాడూ బోర్డు రాసేవాడూ ఊరివాళ్లే. కాబట్టి సంఘం సభ్యులు తమకు కావలసినవి వీలైనంతవరకు ఒకరి దగ్గర ఒకరు కొనుక్కోవడం కూడా ఊరికి చేసే సేవే. దానికి ప్రత్యేకంగా పైసా అక్కర్లేదు.

ఊళ్లోని కొట్లలోనే చెల్లే సొంత నోట్లు అచ్చు వేద్దామని మీ కుర్రాళ్లు ఉత్సాహపడుతున్నారట. ఆ ఆలోచన నాకూ నచ్చుతుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 2012లో అలాగే మొదలుపెట్టారు, అక్కడి మేయర్ తన జీతం కూడా ఆ ఊరి డబ్బులోనే తీసుకున్నాడు. అంత ఊపుతో మొదలైనదీ 2021 నాటికి ఆగిపోయింది. దాన్ని రోజూ నడపడానికి మనుషులు, డబ్బు, ఓపిక చాలా కావాలి. ముందు మీ రిజిస్టర్ రెండేళ్లు సరిగ్గా నడవనివ్వండి, తర్వాత చూద్దాం.

మీటింగులు కొట్లు తెరవకముందు పెట్టు, గంట దాటనివ్వకు. సాయంత్రం పెడితే గిరాకీ వదులుకుని చిన్నవాళ్లు రాలేరు, పెద్దవాళ్లే నిర్ణయాలు చేస్తారు.

నీ పదవీకాలం ఎంతో ఇప్పుడే రాయించుకో. రెండేళ్లు చాలు. మొదటి ఏడాది నుంచే నీ తర్వాత వచ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టుకో. రిజిస్టర్, రసీదు పుస్తకాలు, బ్యాంకు కాగితాలు నీ ఇంట్లో కాక సంఘం బీరువాలో ఉండాలి. తాళాలు రెండు జతలు చేయించు.

ఆశీస్సులతో,
పెదనాన్న