సినిమా చూసి ఏడుపు ఆగలేదు, ఇది జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 46. ఈమధ్య ఇంట్లో అందరం కలిసి ఒక సినిమా చూశాం. అందులో ఒంటరిగా ఉండే ఒక ముసలాయనకు పక్కింటి కుర్రాడు రోజూ వచ్చి బూట్ల లేసులు కట్టి వెళ్తుంటాడు. ఆ సీన్ దగ్గర ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చింది. పిల్లలు చూస్తారని బాత్‌రూమ్‌లోకి వెళ్లి, కుళాయి తిప్పేసి చాలాసేపు ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా ఇంతగా ఏడవలేదు. నేను పిరికివాడిని అయిపోతున్నానా? డిప్రెషన్‌కు వాడుతున్న ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. మాత్ర, బాగానే ఉన్నాను కదా అని మూడు వారాల క్రితం మానేశాను. నిద్ర పట్టకపోతే స్నేహితుడు ఇచ్చిన ఆల్ప్రాజోలం వేసుకుంటున్నాను. ఏడుపు రాకుండా ఏదైనా మందు ఉంటే చెప్పగలరు.

జవాబు: ఏడుపు రాకుండా మందు అక్కర్లేదండీ. ఇది పిరికితనమూ కాదు. ఎవరైనా ఎవరికైనా మంచి చేస్తుంటే చూసి గొంతు పూడుకుపోవడం, ఒళ్లు గగుర్పొడవడం, కళ్లు చెమర్చడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ జరుగుతుంది. కష్టం ఎదురైతే బిగబట్టుకుంటాం. ఆప్యాయత ఎదురైతే ఆ బిగువు సడలిపోతుంది. రిపోర్టులో చెడ్డ కబురు విని కూడా నిబ్బరంగా కూర్చున్నవాళ్లు, నర్సు భుజం మీద చెయ్యివేసి ‘కాసేపు కూర్చుని వెళ్లండి’ అనగానే కన్నీళ్లు పెట్టుకోవడం నేను తరచూ చూస్తుంటాను.

నాకు టెన్షన్ పెట్టింది మీరు చివర్లో రాసిన మాత్రల సంగతి.

ఎస్సిటలోప్రామ్‌ను డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కసారిగా ఎందుకు మానేశారు? బాగున్నారంటే అది ఆ మందు పనిచేయడం వల్ల కూడా కావచ్చు. లక్షణాలు తగ్గాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటాం. ఆపేటప్పుడు వారాల తరబడి డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తాం. హఠాత్తుగా మానేస్తే కొందరికి రెండు మూడు రోజుల్లోనే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, తల తిప్పితే కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం మొదలవుతాయి. ఊరికే ఏడుపు రావడం కూడా వీటిలో ఒకటి. చాలామందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి ఎక్కువ కాలం పడుతుంది. మీ నిద్రలేమి మందు మానిన తర్వాతే మొదలైందా? ఆ తేదీలు గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంకో సంగతి. మీ నాన్నగారు పోయేనాటికి ఈ మందు వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. ఈ రకం మందులు కొందరిలో బాధతో పాటు సంతోషాన్ని కూడా మొద్దుబారుస్తాయి. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చిందేమో. మిమ్మల్ని చూడకుండా ఇదే కారణమని ఖాయంగా చెప్పలేను. డిప్రెషన్ తిరగబెడుతూ ఉండొచ్చు కూడా. రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటున్నా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా, ఆకలి తగ్గినా ఆలస్యం చేయవద్దు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. బాధ, సంతోషం ఏమీ లేకుండానే ఏడుపో నవ్వో ఆపుకోలేనంతగా వస్తున్నా, మాట తడబడుతున్నా, చెయ్యో కాలో బలం తగ్గినా అది నరాల డాక్టర్ చూడాల్సిన విషయం.

ఇక ఆల్ప్రాజోలం. దీని గురించి గట్టిగానే చెప్పాలి. స్నేహితుడికి రాసిన మాత్ర మీకు మందు కాదు. కొద్ది వారాలు వరుసగా వాడినా చాలు, శరీరం దానికి అలవాటు పడుతుంది, అంతకుముందున్న నిద్ర కూడా పోతుంది. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. ఒకాయన నా దగ్గరికి వచ్చినప్పుడు పర్సులోంచి ఖాళీ స్ట్రిప్ తీసి చూపించారు. పది గుంతలూ ఖాళీ. ‘అప్పుడప్పుడే వేసుకుంటాను సార్’ అన్నారు. అది ఆ వారంలో రెండో స్ట్రిప్ అని ఆయన భార్య చెప్పారు. మీరు కూడా ‘నిద్ర పట్టకపోతే’ అని రాశారు తప్ప ఎన్నిసార్లో రాయలేదు. ఎన్ని రోజులకు ఎన్ని వేసుకున్నారో లెక్క నిజాయితీగా చెప్పండి. రోజూ వేసుకుంటున్నట్టయితే దీన్ని కూడా ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఈ జవాబు చదివి ఎస్సిటలోప్రామ్ మీ అంతట మీరే మళ్లీ మొదలుపెట్టవద్దు. మూడు వారాల విరామం తర్వాత ఎంత డోసుతో మొదలుపెట్టాలో, అసలు అవసరమో లేదో మొదట రాసిన డాక్టరే చూసి చెప్పాలి. ఈ వారంలోనే వెళ్లండి. పాత ప్రిస్క్రిప్షన్, రెండు మందుల స్ట్రిప్పులు, తేదీలు రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. థైరాయిడ్ పరీక్ష ఈమధ్య చేయించుకోకపోతే దాని గురించి కూడా అడగండి. వీలైతే మీ ఆవిడను కూడా తోడు తీసుకెళ్లండి. ఆ రోజు కుళాయి తిప్పి ఎందుకు ఏడ్చారో ముందు ఆమెకు చెప్పండి.