సరంగు, బోసన్ ఒకరేనా?

ప్రశ్న: మా అబ్బాయి సరుకుల ఓడలో కొత్తగా చేరాడు. ఫోన్ చేస్తే చాలు, "బోసన్ అలా అన్నాడు, ఇలా అన్నాడు" అంటాడు. బోసన్ అంటే గోదావరి లాంచీ సరంగు లాంటివాడేనా? "మూడు షాకిళ్లు నీళ్లలో" అంటే ఏమిటి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సరంగు లాంచీని స్వయంగా నడుపుతాడు. బోసన్ ఓడ నడపడు; డెక్ మీది ఖలాసీలకు మేస్త్రీ. అయితే ఇద్దరికీ చుట్టరికం ఉంది. అధిపతి అని అర్థమున్న పారసీ 'సర్హంగ్' మన సరంగు అయింది. ఆవిరి ఓడల కాలంలో మనదేశపు లస్కర్ల (ఓడ పనివాళ్ల) పెద్దను సరంగు అనేవారు. అతను చేసిందే ఇవాళ్టి బోసన్ పని. అతని కింద టిండాల్ అనే చిన్న మేస్త్రీ ఉండేవాడు. బోట్‌స్వైన్ అని రాసి బోసన్ అని పలకడం ఇంగ్లిషు వారి చమత్కారం.

పొద్దున్నే చీఫ్ ఆఫీసర్ చెప్పిన పనులను బోసన్ మనుషులకు పంచుతాడు: తుప్పు గోకడం, రంగులు, వించీలకు గ్రీజు, తాళ్ల తనిఖీ.

లంగరు వేసేటప్పుడు విండ్లాస్ (లంగరు గొలుసును దించి, లాగే యంత్రం) బ్రేకు దగ్గర ఉండేది సాధారణంగా అతనే. గొలుసును షాకిళ్లలో కొలుస్తారు. ఒక షాకిల్ 27.5 మీటర్లు. మూడు షాకిళ్లంటే 82.5 మీటర్లు. "నీళ్లలో" అంటే నీటిమట్టం నుంచి లెక్క, "డెక్ మీద" అంటే విండ్లాస్ నుంచి. ఈ తేడా మరిచి చెబితే లెక్క తప్పుతుంది. ఒక్కో షాకిల్‌ను తర్వాతిదానికి కలిపే అతుకుల్లో మూడోదానికి అటూ ఇటూ మూడో కడియానికి తెల్లరంగు వేసి ఉంటుంది, అదే గుర్తు.

లోతు ఎక్కువున్న చోట బ్రేకు వదిలి లంగరును జారవిడిస్తే గొలుసు బరువుకు వేగం పెరుగుతుంది, బ్రేకు లైనింగు మాడుతుంది, గొలుసు ఆగకుండా చివరికంటా పోవచ్చు. అందుకే అక్కడ విండ్లాస్‌ను గేరులో ఉంచి మోటారుతోనే దించాలి. రక్షణ కళ్లద్దాలు లేకుండా గొలుసు దగ్గర నిలబడవద్దని మీ అబ్బాయికి చెప్పండి. తుప్పు పెళ్లలు ఎగిరి కంట్లో పడతాయి.

ప్రశ్న: రేవులో తాళ్లు అందుకునే పని మాది. ఓడ మీంచి విసిరే సన్నతాడు ముడిలో నట్లు ఉంటున్నాయి. ఇది సబబేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదు. ఆ ముడిని కోతిపిడికిలి అంటారు, తాడుతోనే అల్లాలి. బరువు కావాలంటే చిన్న గులకరాళ్లు నింపిన మెత్తటి సంచి కట్టాలి, అదీ అరకిలో మించకుండా. నట్టు తలకు తగిలితే పుర్రె పగులుతుంది. అలాంటిది కనబడితే ఓడ ఆఫీసరుకు చూపించి తీయించండి.