ఎయిర్ రైఫిల్ గొట్టంలో ఆ నారింజ రంగు తీగ ఎందుకు?

షూటింగ్ క్లబ్‌లో చేరిన మీ అబ్బాయికి తీగ దూర్చడం, తీయడంతోనే సరిపోతోందని, అది నిజంగా అవసరమా అని అడిగారు. తప్పకుండా అవసరమే.

దాన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. తుపాకీ ఖాళీగా ఉందని పక్కవాళ్లకి చూడగానే తెలియాలి. పెల్లెట్ (ఎయిర్ గన్‌లో వాడే చిన్న గుండు) పెట్టే చోట నుంచి దూర్చిన తీగ గొట్టం చివర బయటికి కనిపిస్తే లోపల ఏమీ లేనట్టే. పెల్లెట్ ఉంటే తీగకి అడ్డం పడుతుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పోటీల్లోనూ ఇది తప్పనిసరి.

ఎయిర్ గనే కదా అనుకోకండి. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ తగిలితే కన్ను పోవచ్చు. అందుకే గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. పిల్లలు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే: కోచ్ వెనక నుంచి పిలవగానే చేతిలో రైఫిల్‌తో సహా గిర్రున తిరిగేస్తారు. ముందు దాన్ని బల్ల మీద పెట్టి, ఆ తర్వాతే తిరగడం ఇంట్లో కూడా అలవాటు చేయించండి. మ్యాచ్ ట్రిగ్గర్లు చాలా సున్నితం, గురి చూసేదాకా వేలు దాని మీదకి వెళ్లకూడదు. "స్టాప్" అంటే వెంటనే ఆగిపోవాలి. టార్గెట్ల దగ్గరికి ఎవరైనా వెళ్తే, వాళ్లు తిరిగొచ్చేదాకా తుపాకీని ముట్టుకోనే కూడదు.