పాయింట్ల కార్డు తర్వాత, ముందు ఏడాది ఓపిక పట్టండి

అమెరికా వచ్చి మూడు వారాలైన కుర్రాడొకడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, మా రూమ్మేట్ క్రెడిట్ కార్డు రిఫరల్ లింక్ పంపాడు. 60 వేల పాయింట్లు ఇస్తారట, ఇండియా టికెట్‌కి చాలావరకు సరిపోతాయట. అప్లై చేసెయ్యనా?" సోషల్, అంటే సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చిందా అని అడిగాను. రాలేదు. బ్యాంకు అకౌంట్ తెరిచావా అంటే, రేపు వెళ్తాడట. ఇంకా అకౌంటే లేనివాడికి 60 వేల పాయింట్లు ఎవరిస్తారు? లింక్ పంపినందుకు విడిగా వచ్చే రిఫరల్ పాయింట్లేమో రూమ్మేట్‌కి, అదీ ఇతని కార్డు అప్రూవ్ అయితేనే.

నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఏడాది ఆగండి. ఒక్క మామూలు కార్డు తీసుకుని, ఆ ఏడాదంతా అది వాడండి. వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు.

మన దగ్గర అప్పు పుట్టాలంటే పరపతి ఉండాలంటారు కదా, ఇక్కడా అంతే. కాకపోతే ఆ పరపతిని నలుగురి నోటి మాట మీద వదిలెయ్యకుండా అంకెల్లో పెట్టారు. అప్పు చెయ్యకుండా బతకడమే గొప్ప అని పెరిగిన మనకి మొదట్లో ఇది మింగుడు పడదు. జీవితంలో ఒక్క రూపాయి బాకీ పడని మనిషి ఇక్కడి బ్యాంకు కళ్లకి అసలు కనిపించడు. ఇండియాలో సిబిల్ స్కోరు 800 ఉన్నా అది ఇక్కడికి రాదు. సిబిల్ పేరు ముందు ట్రాన్స్‌యూనియన్ అని ఉంటుంది, ఆ ట్రాన్స్‌యూనియనే ఇక్కడ కూడా ఉంది, అయినా ఆ ఫైలు వేరు, ఈ ఫైలు వేరు. ఇక్కడ ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అని మూడు సంస్థలు మీ పేరు మీద తలా ఒక ఫైలు పెడతాయి. అందులో కనీసం ఒక ఖాతాకి ఆరు నెలల వయసు వచ్చేదాకా ఫైకో అనే పరపతి స్కోరు పుట్టనే పుట్టదు. అది 300 నుంచి 850 దాకా ఉంటుంది. ఫోన్‌లో క్రెడిట్ కర్మ యాప్ చూసుకుని "నాకు రెండు నెలలకే స్కోరు వచ్చింది" అనేవాళ్లున్నారు. అది వాంటేజ్ స్కోరు, దాని లెక్క వేరు. బ్యాంకులు ఎక్కువగా చూసేది ఫైకో.

మొదటి కార్డు ఏది అనేది మీరు అనుకునేంత పెద్ద ప్రశ్న కాదు. స్టూడెంట్ అయితే స్టూడెంట్ కార్డు దొరుకుతుంది. లేదంటే సెక్యూర్డ్ కార్డు. మామూలుగా 200 డాలర్లు డిపాజిట్ కడితే అదే మీ లిమిట్ అవుతుంది. నా డబ్బు నాకే అప్పుగా ఇవ్వడం ఏమిటని నేనూ నవ్వుకున్నాను అప్పట్లో. కానీ ఫైల్లో అది మామూలు క్రెడిట్ కార్డులాగే ఎక్కుతుంది. మీ జీతం పడే బ్యాంకులోనే అడగండి, లేదా డిస్కవర్, క్యాపిటల్ వన్ లాంటి వాటిని చూడండి. చూడాల్సినవి రెండే. వార్షిక ఫీజు ఉండకూడదు, మూడు సంస్థలకీ రిపోర్ట్ చెయ్యాలి. ఇండియాలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు వాడిన వాళ్లకి మాత్రం ఒక అడ్డదారి ఉంది. అక్కడి సంబంధం చూసి ఇక్కడ కార్డు ఇచ్చే పద్ధతి వాళ్ల దగ్గర ఉంది, ఫోన్ చేసి అడిగితే పోయేదేమీ లేదు. అప్లికేషన్‌లో ఆదాయం అన్నచోట ఎడ్యుకేషన్ లోన్ డబ్బు రాయకండి, అప్పు ఆదాయం కాదు.

ఇక అసలు విషయం. బిల్లు పడే తేదీ వేరు, బిల్లు కట్టాల్సిన తేదీ వేరు. ఇదొక్కటి బుర్రకెక్కితే సగం పని అయిపోయినట్టే.

మీ లిమిట్ 500 డాలర్లు అనుకోండి. ప్రతి నెలా 18న స్టేట్‌మెంట్ పడుతుంది, వచ్చే నెల 13లోపు కట్టాలి. ఈ రెండింటి మధ్య కనీసం 21 రోజులు ఉండాలని 2009లో వచ్చిన చట్టం చెబుతుంది. మీరు 10వ తేదీన 430 డాలర్లు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నారు. 18న స్టేట్‌మెంట్ పడింది. బుద్ధిగా డ్యూ డేట్ కంటే ముందే మొత్తం కట్టేశారు. వడ్డీ లేదు, మీ తప్పు ఒక్కటీ లేదు. కానీ స్టేట్‌మెంట్ పడగానే బ్యాంకు ఆ మూడు సంస్థలకీ పంపిన కబురు ఏమిటంటే, ఈ మనిషి 500లో 430 వాడేశాడని. అంటే 86 శాతం. చేతిలో డబ్బులు లేక కార్డు గీకుతున్నాడేమో అని లెక్క కడుతుంది ఆ స్కోరు. ఖర్మకాలి అదే వారం మీరు కారు లోన్‌కి వెళ్లారంటే వడ్డీ రేటు పెరగొచ్చు.

చిట్కా చిన్నది. పెద్ద కొనుగోలు చేసినప్పుడు 18 దాకా ఆగకుండా 15కో 16కో ఒక 400 కట్టెయ్యండి. 30 డాలర్ల బిల్లు పడుతుంది, 6 శాతమే వాడినట్టు కనిపిస్తుంది. మళ్లీ దీని గురించి ప్రతి నెలా టెన్షన్ పడనక్కర్లేదు. ఈ నెల 86 ఉన్నా వచ్చే నెల 5కి తగ్గితే, ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న ఫైకో లెక్కల్లో పాత నెల గుర్తుండదు. ఏదైనా లోన్‌కో కార్డుకో అప్లై చేసే ముందు నెల జాగ్రత్త పడితే చాలు. 30 శాతం దాటితే కొంపలు మునుగుతాయని కొందరు చెబుతారు, అదేమీ గీత గీసినట్టు ఉండదు, తక్కువ ఉన్నకొద్దీ మంచిది, అంతే.

మన వాళ్లలో ఒక మూఢనమ్మకం బాగా పాతుకుపోయింది. బిల్లులో కొంచెం బాకీ ఉంచితే స్కోరు పెరుగుతుందని. నేను వచ్చిన కొత్తలో ఒక సీనియర్ నాకూ ఇదే చెప్పాడు, నేనూ నాలుగు నెలలు నమ్మి వడ్డీ కట్టాను. పూర్తిగా అబద్ధం. స్కోరుకి కావాల్సింది మీరు వాడారా, సమయానికి కట్టారా అన్నదే, వడ్డీ కట్టారా లేదా అన్నది కాదు. 2 శాతం క్యాష్‌బ్యాక్ కార్డు మీద 100 డాలర్లు ఖర్చుపెడితే 2 డాలర్లు వెనక్కి వస్తాయి. ఏడాదికి 24 శాతం వడ్డీ అయితే ఆ 100 మీద ఒక్క నెల వడ్డీ 2 డాలర్లు. ఒక నెల బాకీ ఉంచారా, వచ్చింది అటే పోయింది. ప్రతి స్టేట్‌మెంట్ మీదా ఒక చిన్న పెట్టెలో రాసి ఉంటుంది చూడండి, మినిమమ్ మాత్రమే కడుతూ పోతే ఈ బాకీ తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో. ఎవరూ చదవరు దాన్ని. ఒకసారి చదవండి.

అందుకే కార్డు వచ్చిన రోజే ఆటోపే పెట్టండి. పెట్టేటప్పుడు మినిమమ్ కట్టాలా, స్టేట్‌మెంట్ బ్యాలెన్స్ కట్టాలా అని అడుగుతుంది. రెండోది నొక్కండి. తొందర్లో మొదటిది నొక్కేసి ఏడాది పాటు వడ్డీ కట్టిన పెద్ద పెద్ద ఇంజనీర్లను చూశాను.

ఆటోపే పెట్టి మర్చిపోవడం కూడా కుదరదు, అది నా సొంత కథ. చెల్లెలి పెళ్లికి డిసెంబర్ 10న ఇండియా బయల్దేరాను. దానికి నెల ముందు జీతం పడే బ్యాంకు మార్చి, పాత అకౌంట్ మూసేశాను. కార్డు ఆటోపే ఆ పాత అకౌంట్‌కే కట్టి ఉంది. 12న బిల్లు డ్యూ, 23 డాలర్లు. ఒకసారి పెట్రోలు, ఒక పిజ్జా. డబ్బు వెనక్కి తిరిగింది. ఇక్కడి సిమ్ తీసి డ్రాయర్లో పడేసి వెళ్లాను కాబట్టి మెసేజ్ రాలేదు, పెళ్లి హడావిడిలో మెయిల్ చూడలేదు. జనవరి 20న తిరిగొచ్చేసరికి 30 రోజులు దాటిపోయాయి. 30 రోజుల్లోపు అయితే లేట్ ఫీజుతో పోయేది, ఫైల్లో ఎక్కదు. దాటితే ఎక్కుతుంది, ఏడేళ్లు ఉంటుంది. స్కోరు దాదాపు 80 పాయింట్లు పడింది. బ్యాంకుకి ఫోన్ చేశాను, ఉత్తరం రాశాను, బతిమాలాను. ఆ 23 డాలర్ల మచ్చ ఏడేళ్లూ అలాగే ఉండి పోయింది. ఇండియా వెళ్లేవాళ్లు విమానం ఎక్కేముందు అన్ని కార్డుల బాకీ సున్నా చేసి వెళ్లండి.

రూమ్మేట్ల వ్యవహారం గురించి ఒక మాట. అందరి సరుకులూ ఒకరి కార్డు మీద కొని, మిగతావాళ్లు తమ వాటా జెల్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే సదుపాయం) పంపడం మామూలే, తప్పు లేదు. డబ్బు రావడం ఆలస్యమైనా బిల్లు మీరు కట్టగలిగినంత వరకే ఆ పని చెయ్యండి. కో-సైన్ సంగతి మాత్రం వేరు. కారు లోన్‌కి సంతకం పెట్టమని స్నేహితుడు అడుగుతాడు, మొహమాటానికి పోయి పెట్టేస్తాం. అది సాక్షి సంతకం కాదు, ఆ అప్పు మీదే. అతను కట్టకపోతే మీరు కట్టాలి, లేటైతే మచ్చ మీ ఫైల్లో కూడా పడుతుంది. కాదని చెప్పలేకపోతే, "మా ఇంట్లో ఒప్పుకోరు" అనండి, మన వాళ్ల మధ్య దానికి ఎదురుండదు.

అన్నో, బాబాయో ఇక్కడే ఉండి పదేళ్ల నాటి కార్డు వాడుతుంటే, మిమ్మల్ని దాని మీద ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే వాళ్ల ఖాతా మీదే కార్డు వాడుకునే మనిషిగా చేర్చమనవచ్చు. ఆ కార్డు చరిత్ర సాధారణంగా మీ ఫైల్లో కూడా కనిపిస్తుంది. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చి సోషల్ లేని భార్యకో భర్తకో ఇది మొదటి మెట్టు అవుతుంది. అయితే సోషల్ లేకుండా ఆ వివరాలు ఫైల్లోకి వెళ్తాయా అని ముందు బ్యాంకుని అడగండి. సోషల్ రానివాళ్లకి పన్నుల శాఖ ఇచ్చే ఐటిన్ నంబరుతో కార్డులిచ్చే బ్యాంకులు కూడా ఉన్నాయి. 21 ఏళ్లు దాటితే, ఇంట్లో తాము వాడుకోగలిగిన భాగస్వామి సంపాదనని అప్లికేషన్‌లో చూపించే వీలుంది. ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చిన వాళ్లు బిల్లు ఎగ్గొడితే అది కూడా మీ ఫైల్లోకి రావొచ్చని గుర్తుపెట్టుకుని, మనిషిని చూసి అడగండి.

ఏడాది గడిచింది, స్కోరు 700 దాటింది. ఇప్పుడు పాయింట్ల కార్డుల వైపు చూడొచ్చు. చూసేముందు యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు రిపోర్టులూ తెప్పించుకోండి, ఉచితం, వారానికోసారి తీసుకోవచ్చు. మన పేర్లలో ఇంటిపేరు ముందూ వెనకా అవుతుంటుంది, పాత అడ్రసులు తప్పుగా ఉంటాయి, అవి సరిచేయించుకోండి.

వరసగా అప్లై చెయ్యకండి. ప్రతి అప్లికేషన్‌కీ ఫైల్లో ఒక హార్డ్ ఎంక్వైరీ, అంటే మీరు అప్పు అడిగారన్న గుర్తు పడుతుంది, రెండేళ్లు కనిపిస్తుంది. కారు లోన్‌కి అయితే రెండు వారాల్లోపు నాలుగు చోట్ల అడిగినా స్కోరు ఒకటిగానే లెక్క వేస్తుంది, క్రెడిట్ కార్డులకి ఆ మినహాయింపు లేదు. చేజ్ బ్యాంకు కార్డులు కావాలనుకునేవాళ్లు ముందు వాటికే వెళ్లాలి. గత 24 నెలల్లో ఏ బ్యాంకులోనైనా కలిపి ఐదు కొత్త కార్డులు తీసుకుని ఉంటే సాధారణంగా చేజ్ ఇవ్వదు. కాగితం మీద రాసిపెట్టిన రూల్ కాదిది, కానీ కార్డులు వాడే వాళ్లందరికీ తెలిసిందే. బాబాయి చేర్చిన ఆథరైజ్డ్ యూజర్ కార్డు కూడా ఆ ఐదులోకే వస్తుంది.

కొత్త కార్డుకి ఇచ్చే పాయింట్ల బోనస్ లెక్క కాగితం మీద వేసుకోండి. మూడు నెలల్లో 4,000 డాలర్లు ఖర్చుపెడితే బోనస్ అన్నారనుకోండి. అద్దె మామూలుగా కార్డు మీద పోదు, పోయినా ఫీజు వేస్తారు. మిగతా ఖర్చు నెలకి 700 అనుకుంటే మూడు నెలలకి 2,100. ఇంకా 1,900 ఎక్కడి నుంచి తెస్తారు? ఇక్కడే అక్కర్లేని ఫోన్లు, టీవీలు ఇంట్లోకొస్తాయి. సెమిస్టర్ ఫీజు కార్డు మీద కడదామంటే చాలా యూనివర్సిటీలు 3 శాతం దాకా అదనంగా తీసుకుంటాయి. 8,000 మీద 240 డాలర్లు. ఎలాగూ పెట్టాల్సిన ఖర్చు ఉన్నప్పుడే, అంటే ఇండియా టికెట్లు గానీ, కొత్త ఇంటి సామాను గానీ కొనే నెలలోనే అప్లై చెయ్యండి.

రిజెక్ట్ అయితే కోపంతో వెంటనే ఇంకో బ్యాంకుకి పరిగెత్తకండి. వారం పది రోజుల్లో ఉత్తరం వస్తుంది, కారణం అందులో రాసి ఉంటుంది. "హిస్టరీ సరిపోదు" అని ఉంటే ఆరు నెలలు ఆగడమే మందు. ఆదాయమో, పేరో, అడ్రసో సరిగా కుదరకపోతే ఫోన్ చేసి మళ్లీ పరిశీలించమని అడగొచ్చు. నా స్నేహితుడికి అలా ఒక్క ఫోన్‌తో కార్డు వచ్చింది, అపార్ట్‌మెంట్ నంబరు రాయడం మర్చిపోయాడంతే.

మంచి కార్డు చేతికొచ్చాక ఆ మొదటి కార్డుని చాలామంది మూసేస్తారు. ఫీజు లేనప్పుడు ఎందుకు మూయడం? సెక్యూర్డ్ అయితే మామూలు కార్డుగా మార్చమని అడగండి, డిపాజిట్ వెనక్కి వస్తుంది, ఖాతా వయసూ నిలుస్తుంది. అలాగని వాడకుండా ఊరికే పడేస్తే బ్యాంకే మూసెయ్యొచ్చు. నాది 300 డాలర్ల లిమిట్‌తో మొదలైన కార్డు, ఇప్పుడు జేబులో కూడా ఉండదు, పాస్‌పోర్టుల కవర్లో ఉంటుంది. ఫోన్ స్టోరేజీకి నెలనెలా పడే 3 డాలర్ల బిల్లు మాత్రం దాని మీదే పెట్టాను, ఆటోపే కొత్త బ్యాంకు నుంచి.