తాళం తీసినవాడికి ఇవ్వడానికి లోన్ యాప్‌లో అప్పా?

ప్రశ్న: రాత్రి ఇంటికొచ్చాక చూసుకుంటే తాళంచెవి ఎక్కడో పోయింది. పిల్లలతో గుమ్మం ముందు నిలబడి, ఫోన్‌లో వెతగ్గానే మొదట కనిపించిన నంబరుకు కాల్ చేశాను. వచ్చినతను తాళానికి డ్రిల్ పెట్టి పాడుచేసి, కొత్తది బిగించి, ఫోన్‌లో చెప్పినదానికి 8 రెట్లు అడిగాడు. నగదే కావాలన్నాడు. ఖాతాలో అంత లేక క్రెడిట్ కార్డు మీద కొంత తీశాను, మిగతాది లోన్ యాప్‌లో తీసుకున్నాను. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది గానీ దాన్ని కదపాలని లేదు. ఈ అప్పులు ఎలా తీర్చాలి?

జవాబు: ఆ డిపాజిట్‌ను ఈరోజే కదపండి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, అంతే. కార్డు మీద తీసిన నగదు సంగతి అలా కాదు. కొనుగోళ్లకు ఇచ్చే వడ్డీ లేని గడువు మామూలుగా దానికి ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా విడిగా ఫీజు. లోన్ యాప్ ఇంకా ఘోరం. ఫీజు ముందే కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు, వడ్డీ మాత్రం మొత్తానికీ లెక్కేస్తారు. ముందు యాప్ అప్పు, ఆ వెంటనే కార్డు బాకీ పూర్తిగా కట్టేయండి. బాకీ లేదని రాతపూర్వకంగా తీసుకున్నాక ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి. ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్ దగ్గరికి మాత్రం దయచేసి వెళ్లకండి.

మీ ఉత్తరానికే ఎందుకు జవాబిస్తున్నానంటే, డిపాజిట్లు ఉన్నాయి కదా అన్న ధైర్యంతో అర్ధరాత్రి చేతికందే డబ్బు ఏమీ ఉంచుకోనివాళ్లు చాలామంది ఉన్నారు. ఇలాంటి మోసం నడిచేదే వాళ్ల మీద. ఫోన్‌లో 'ఇంత నుంచి మొదలు' అని తక్కువ రేటు చెబుతారు. వచ్చినతను తాళాన్ని ఒకసారి అటూ ఇటూ కదిపి, 'ఇది హై సెక్యూరిటీ లాక్ అండీ, డ్రిల్ చేయాల్సిందే' అంటాడు. పని తెలిసినవాడు మామూలు ఇంటి తాళాలను చాలావరకు పాడుచేయకుండానే తీయగలడు. డ్రిల్ చివరి మార్గం. కానీ ఒకసారి డ్రిల్ దిగితే కొత్త తాళం కొనక తప్పదు. బిల్లులో సర్వీస్ చార్జి, లేబర్, తాళం ధర, రాత్రిపూట చార్జి ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి.

అందుకే అత్యవసర నిధి గురించి ఇంతగా చెబుతాను. ఆ నిధి మోసగాడికి కట్టడానికి కాదు, 'వద్దు, వెళ్లిపో' అనడానికి. చేతిలో డబ్బుంటే ఆ రాత్రి పిల్లలతో లాడ్జిలో గది తీసుకుని, పొద్దున్నే దుకాణం తెరిచాక నిదానంగా మనిషిని పిలిపించేవారు. అది లేకే మీరు తలూపారు. ఆరు నెలల ఖర్చులకు సరిపడా పోగుచేయడం లక్ష్యంగా పెట్టుకోండి. అందులో ఒక నెల ఖర్చు మాత్రం రోజువారీ ఖాతాలో కలపకుండా, ఏ వేళనైనా తీయగలిగే మరో సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. రోజూ వాడే ఖాతాలో ఉన్న డబ్బు నెలాఖరుకు మిగలదు. అప్పులు తీరాక డిపాజిట్‌లో మిగిలినదాన్నే ఇందుకు మొదటి విడతగా వేయండి. నెలనెలా జీతం పడిన రోజే ఆ ఖాతాలోకి కొంత మళ్లించండి.

మిగతావి క్లుప్తంగా. నమ్మకమైన తాళాల పనివాడి నంబరు ఇప్పుడే కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి. ఈసారి మనిషి వచ్చాక, పనిముట్టు బయటకు తీయకముందే మొత్తం ఎంతో రాయించుకోండి. మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు రుజువు కూడా అడగనివాణ్ని అనుమానించండి. ఇంటి బీమా ఉంటే తాళం మార్పు ఖర్చు అందులో వస్తుందేమో చూసుకోండి. అద్దె ఇల్లయితే ముందు యజమానికి ఫోన్ చేయాలి.

మోసగాడు బిగించిన తాళానికి ఇంకో చెవి అతని దగ్గర ఉండొచ్చు. చాలా తాళాలకు మొత్తం మార్చనక్కర్లేదు, సిలిండర్, అంటే చెవి దూర్చి తిప్పే లోపలి భాగం, మారిస్తే చాలు. ఆ పని ఈ వారంలోనే చేయించండి. మీరు నగదు ఇచ్చారు కాబట్టి కార్డు చెల్లింపులా బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకునే దారి లేదు. బిల్లు, కాల్ వివరాలు, ఏటీఎం రసీదు జాగ్రత్త చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టండి.