కరెంటు లేని ఊరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గరి కూర్మగ్రామంలో సిమెంటు లేకుండానే ఇళ్లు కట్టుకున్నారట. పొలంలో డంగు సున్నంతో (ఇసుక కలిపి గానుగ పట్టిన సున్నం) ఒక గది వేసుకోవాలనుంది. పాళ్లు చెప్పండి.
– పాఠకుడు, పాలకొండ

జవాబు: ఇస్కాన్ (హరేకృష్ణ ఉద్యమం) భక్తులు 2018లో మొదలుపెట్టిన, కరెంటు వాడని ఊరు అది. అక్కడి గోడల్లో మట్టి, ఇసుక, సున్నంతో పాటు బెల్లం, కరక్కాయ కూడా పడ్డాయి. మీరైతే పాళ్లకన్నా ముందు సున్నం నానబెట్టడం చూసుకోండి. కాల్చిన సున్నపు రాళ్లను కొద్దికొద్దిగా నీళ్లలోకి వెయ్యాలి. రాళ్ల మీద నీళ్లు గుమ్మరిస్తే మరిగి చిమ్ముతుంది, కళ్లకు ప్రమాదం. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి ఆగదు. కనీసం రెండు వారాలు నీటి అడుగున ఉంచి, జల్లెడ పట్టి, ఒక వంతు సున్నానికి 2 నుంచి 3 వంతుల ఇసుక చొప్పున గానుగ పట్టించాలి. జల్లెడ దగ్గర బద్ధకిస్తే నానని పలుకులు గోడలో ఉండిపోయి, నెలల తర్వాత తేమ తగిలి ఉబ్బి పూతను పెచ్చులుగా ఊడగొడతాయి.

కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ల పాళ్లు మేస్త్రీకో లెక్క. బెల్లం మితిమీరితే గట్టిపడటం ఆలస్యమవుతుంది, పైగా చీమలు.

సిమెంటులా తెల్లారేసరికి బిగుస్తుందనుకోవద్దు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) పీల్చుకుంటూ నెలల తరబడి మెల్లగా రాయవుతుంది. అందుకే పూత ఒక్కో వరసా పలచగా వేసి, వారం పది రోజులు తడి గోనెలు కప్పాలి. ఎండల్లో మొదలుపెడితే నీరు ముందే ఆవిరైపోయి పగుళ్లు వస్తాయి. కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం.

ప్రశ్న: నలుగురున్న ఇల్లు ఏడాది బియ్యం తానే పండించుకోవాలంటే ఎంత ధాన్యం కావాలి?
– పాఠకురాలు, టెక్కలి

జవాబు: మూడు పూటలా అన్నమే తింటే మనిషికి రోజుకు 400 గ్రాములు వేసుకోండి. ఏడాదికి 584 కిలోల బియ్యం. ధాన్యంలో మూడింట రెండు వంతులే బియ్యంగా దిగుతుంది కాబట్టి సుమారు 9 క్వింటాళ్లు, అంటే 75 కిలోల బస్తాలు 12. విత్తనాలు వేరే. ఏడాదికి సరిపడా ఒకేసారి దంచి పెట్టుకోవడం చాలామంది చేసే తప్పు. దంపుడు బియ్యానికి తవుడు అంటుకునే ఉంటుంది, అందులోని నూనె ముక్కిపోతుంది. గాదెలో ధాన్యంగానే ఉంచి, పది పదిహేను రోజులకోసారి దంచుకోండి.

ప్రశ్న: కూర్మగ్రామంలో చేరితే రోజెలా గడుస్తుంది?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: చీకటితోనే లేవాలి. ఇస్కాన్‌లో దీక్ష తీసుకున్నవారికి రోజుకు 16 మాలల హరేకృష్ణ మంత్ర జపం ఉంటుంది. మాలకు 108 చొప్పున 1,728 సార్లు, దాదాపు రెండు గంటల పని. మాంసం, మత్తు, జూదం, అక్రమ సంబంధం నిషిద్ధం. టీ, కాఫీ కూడా మత్తు కిందే లెక్క, చాలామందికి మొదట తల నొప్పి పుట్టేది అక్కడే.

ప్రశ్న: బోరునీళ్లలో సబ్బు నురగ రాదు. కుంకుడుకాయ పనికొస్తుందా?
– పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: భేషుగ్గా. ఉప్పునీళ్లలో సబ్బు తెట్టు కడుతుంది, కుంకుడు రసం కట్టదు. గింజలు తీసిన పదిహేను కాయలు రాత్రి వేడినీళ్లలో నానేసి, పొద్దున పిసికి వడకట్టి బకెట్ నీళ్లలో కలపండి. వడకట్టని పిప్పి తెల్లబట్టకు మరక పెడుతుంది. మిగిలిన రసం రెండో రోజుకే పులుస్తుంది, ఏ రోజుకారోజు చేసుకోండి.