"పైవాళ్లు చెప్తే చేశాను" అనే సాకు ఎందుకు చెల్లదు?

ప్రశ్న: యుద్ధ నేరాల విచారణల వల్ల అంతర్జాతీయ న్యాయంలో నిజంగా ఏం మారింది?

అసలు మార్పు ఒక్కటే: శిక్ష దేశానికి కాదు, మనిషికి పడటం మొదలైంది. అంతకుముందు యుద్ధంలో ఓడిన దేశం పరిహారం కట్టేది, భూభాగం వదులుకునేది. ఆదేశాలిచ్చిన నాయకులు మాత్రం చాలావరకు తప్పించుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో నాజీ నాయకులపై 1945 నవంబరులో మొదలైన న్యూరెంబర్గ్ విచారణ ఆ పద్ధతిని మార్చింది. తీర్పు 22 మందిపై వచ్చింది. 12 మందికి మరణశిక్ష, ముగ్గురు నిర్దోషులు. ఆ ముగ్గురిని వదిలేయడమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే అంతా ముందే రాసిపెట్టుకున్న తంతు అయితే అలా జరిగేది కాదు. పైఅధికారి ఆజ్ఞ అన్నంత మాత్రాన నేరం పోదని, మహా అయితే శిక్ష తగ్గొచ్చని అక్కడే స్థిరపడింది. "మానవత్వంపై నేరాలు" అనే అభియోగం వల్ల, సొంత పౌరులను హింసించడం కూడా ఆ దేశపు ఇంటి వ్యవహారం కాదన్న ఆలోచనకు బలం వచ్చింది.

గెలిచినవాళ్ల న్యాయం అన్న విమర్శా ఉంది, అందులో నిజమూ ఉంది. జపాన్ నాయకులపై జరిగిన టోక్యో విచారణలో మన దేశపు న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ నిందితులంతా నిర్దోషులేనని అసమ్మతి తీర్పు రాశారు.

తర్వాత దాదాపు యాభై ఏళ్లు పెద్దగా కదలిక లేదు. 1993లో యుగోస్లావియాకు, 1994లో రువాండాకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు వచ్చాయి. రువాండాలో మేయర్‌గా పనిచేసిన అకయేసు కేసులో ఆ ట్రిబ్యునల్ 1998లో ఇచ్చిన తీర్పు అత్యాచారం కూడా జాతిహననంలో భాగం కావచ్చని తేల్చింది. శాశ్వత కోర్టు, అంటే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, 2002లో హేగ్‌లో మొదలైంది. దానికి సొంత పోలీసులు లేరు. అమెరికా, రష్యా, చైనా, భారత్ అందులో సభ్యులు కావు.